అనధికార తరుగు

రాష్ట్ర ధాన్య సంరక్షణ మండలి వారి మండపేట డివిజను ఆఫీసులో కుడిపూడి మంగతాయారుది తరుగు సెక్షను. గోడౌన్లో పెట్టిన వడ్లు గాలికీ ఎండకీ ఆరి కొంత తూకం తగ్గుతాయి. వాటంతటవే ఆరి తగ్గితే అది అనుమతించిన తరుగు. ఎలకలు తిన్నా, చిల్లుపడిన బస్తాలోంచి కారిపోయినా, ఎవరైనా ఎత్తుకుపోయినా అది అనధికార తరుగు. ఏ బస్తా ఎందుకు తగ్గిందో తేల్చి ఫైలు రాయడం తాయారు పని. ఇరవై ఆరేళ్ళుగా అదే రాస్తోంది. ఆమె "ఇది ఎలక" అని రాస్తే పై ఆఫీసు కూడా ఎలకే అనుకునేది.

వడ్ల తూకం ఎందుకు తగ్గుతుందో అంత తెలిసిన మనిషికి తన తూకం తగ్గించుకోవడం మాత్రం చేతకాలేదు. యాభై ఒకటో ఏడు వచ్చేసరికి తొంభై నాలుగు కిలోలు ఉంది. షుగరు ఉంది. మోకాళ్ళు పట్టేశాయి. ఆఫీసు మేడమీద. ఇరవై రెండు మెట్లు. పదకొండో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకునేది. పైనుంచి ఎవరైనా దిగుతున్నట్టు చప్పుడైతే చటుక్కున సెల్‌ఫోను తీసి, అందులో ఏదో ముఖ్యమైన సంగతి చదువుతున్నట్టు నిలబడేది.

ప్రయత్నించలేదని కాదు. శనివారాలు ఒంటిపూట ఉంది. కార్తీక సోమవారాలు అసలేమీ తినకుండా ఉంది. మెంతులు నానబెట్టిన నీళ్ళు తాగింది, ఉలవలు ఉడకబెట్టిన నీళ్ళు తాగింది, రాత్రిళ్ళు జొన్నరొట్టె తింది, కాలవగట్టు మీద పొద్దున్నే నడిచింది. పోయిన రెండు కిలోలు పండక్కి వచ్చిన చుట్టాల్లా ఇంకొకర్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేవి.

ఆమె భర్త దొరబాబు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. యాభై ఆరేళ్ళొచ్చినా వెదురుబద్దలా ఉంటాడు. "నోరు కట్టుకుంటే ఒళ్ళు దానంతటదే కట్టుబడుద్ది తాయారూ," అనేవాడు ఆరో ఇడ్లీ తుంచుకుంటూ. మూడో ఇడ్లీ దగ్గర ఆగిపోయిన తాయారు తల దించుకునేది. తప్పు తన నాలికదేనని ఆమెకూ నమ్మకమే. ఇంట్లో, ఆఫీసులో, పేరంటాల్లో అందరూ అదే అన్నాక కాదనుకోవడానికి ఆధారం ఏముంది?

రాజమండ్రిలో షుగరు చూసే డాక్టర్ నస్రీన్ ఒకనాడు రిపోర్టులు పక్కన పెట్టి, "వారానికి ఒకసారి వేసుకునే ఇంజక్షన్ ఉంది. షుగరుకీ పనిచేస్తుంది, బరువుకీ పనిచేస్తుంది. మొదట్లో వికారం ఉంటుంది. నేను చూస్తూ మోతాదు పెంచుతాను," అంది.

"వద్దులెండి డాక్టరుగారూ," అంది తాయారు.

"ఎందుకని?"

"అది దొంగదారి కదండీ. కష్టపడకుండా తగ్గిపోవడం..."

డాక్టరు ఆమె ముఖంలోకి చూసింది. "కళ్ళజోడు పెట్టుకున్నారే! కళ్ళని కాస్త గదమాయించి చూడొచ్చుగా?"

తాయారుకు నవ్వొచ్చింది కానీ చీటీ మాత్రం తీసుకోకుండా వచ్చేసింది. మూడు నెలలు ఊగిసలాడింది. చివరికి ఆడపడుచు మనవరాలి బారసాలలో చాప మీద కూర్చుని లేవలేకపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపారు. వాళ్ళలో ఒకావిడ, "దొరబాబు బాగానే మేపుతున్నాడమ్మా," అంది. అందరూ నవ్వారు. తాయారు అందరికంటే గట్టిగా నవ్వింది. మర్నాడు సెలవు పెట్టి రాజమండ్రి బస్సెక్కింది.

ఇంజక్షన్ పెన్నులు ఫ్రిజ్‌లో, ఇడ్లీపిండి గిన్నె వెనక, స్టీలు డబ్బాలో ఉండేవి. దొరబాబు మొదట మూతి ముడిచాడు గానీ అడ్డు చెప్పలేదు. ఒక్కటే షరతు పెట్టాడు. "ఎవరికీ చెప్పకు. డ్రిల్లు మాస్టారి పెళ్ళాం సూదేసుకుని తగ్గిందని తెలిస్తే నా విజిలుకి ఎవడైనా పరిగెడతాడా?" ఆదివారం పొద్దున్న ఆమె పొట్టకి సూది పెట్టుకుంటుంటే ఆయన కిటికీలన్నీ మూసి, గోడవైపు తిరిగి నిలబడేవాడు.

నెలరోజులు వికారం పెట్టింది. తర్వాత సర్దుకుంది. తాయారుకు ఆశ్చర్యం వేసింది తూకం చూసి కాదు, గారె చూసి. అంతకుముందు పళ్ళెంలో గారె ఉంటే అది తనని పేరుపెట్టి పిలుస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు గారె గారెలాగే ఉంది. తినాలంటే ఒకటి తినొచ్చు, లేకపోతే లేదు. మిగతా జనమంతా ఎప్పుడూ ఇలాగే బతుకుతున్నారా అనుకుని కాస్త కోపం కూడా వచ్చింది.

ఆఫీసులో అడిగినవాళ్ళకి "కాలవగట్టు నడకండీ, రాత్రి జొన్నరొట్టె" అని చెప్పింది. అబద్ధం కాదు. నడకా నిజమే, రొట్టే నిజమే.

సరిగ్గా అప్పుడే మండలి మేనేజింగ్ డైరెక్టరుగారు ఎక్కడో కొండమీద ఏడురోజుల ఆత్మశక్తి శిబిరానికి వెళ్ళొచ్చారు. వచ్చిన మూడోనాడు అన్ని డివిజన్లకూ ఉత్తర్వు వెళ్ళింది. దాని పేరు 'సంకల్ప భార పథకం'.

"మండలి యందలి సమస్త సిబ్బంది తమ శరీర భారములో ఏడు శాతమును ఆరు మాసములలోగా కేవలము స్వీయ సంకల్పము చేత తగ్గించవలెను. ఔషధ సహాయమున తగ్గిన భారము తగ్గినట్లుగా పరిగణింపబడదు."

డివిజనల్ మేనేజరు కల్యాణ చక్రవర్తిగారు ఉత్తర్వు చదివి వినిపించి, కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన ఒళ్ళూ తక్కువేం కాదు. కుర్చీలోంచి లేచినప్పుడు కుర్చీ కూడా కాస్త దూరం వెంట వచ్చేది. ఆ మధ్యాహ్నమే గోడౌన్లో బస్తాలు తూచే కాటా పైకి తెప్పించి, సిబ్బంది అందరినీ వరసగా ఎక్కించారు. తాయారు తొంభై రెండు ఉంది.

అటెండరు నూకరాజుకి యాభై ఎనిమిదేళ్ళు. కాటా ఎక్కితే ముల్లు నలభై ఆరు దగ్గర ఆగింది.

"నీ లక్ష్యం మూడు కిలోల రెండువందల ఇరవై గ్రాములు," అన్నారు చక్రవర్తిగారు.

నూకరాజు తన చేతులు, కాళ్ళు ఒకసారి చూసుకున్నాడు. "అది నాకాడ ఎక్కడుందండీ బాబూ?"

"నియమానికి మినహాయింపు ఇస్తే అది నియమం కాదు నూకరాజూ, సలహా అవుతుంది. మండలి సలహాలివ్వదు."

నెలకోసారి తూకం. మొదటి నెల తాయారు రెండు కిలోలు తగ్గింది, రెండో నెల ఇంకో మూడు. మిగతావాళ్ళు అరకిలో ఇటో అటో అవుతున్నారు. మండపేట డివిజను సగటు రాష్ట్రంలో అందరికంటే పైకి వెళ్ళింది. చక్రవర్తిగారు పొంగిపోయారు. తాయారుని గదిలోకి పిలిచి అడిగారు. నడక, జొన్నరొట్టె అని ఆమె పాత పాటే పాడింది. వారం తిరక్కుండా ఆఫీసు గోడమీద నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. ఎడమవైపు పాత తాయారు, కుడివైపు కొత్త తాయారు. కింద 'మంగతాయారు విధానము' అని ఎర్రక్షరాలు. ఉదయం అయిదింటికి నడక. రాత్రి రెండు జొన్నరొట్టెలు. టీలో పంచదార నిషిద్ధం. సిబ్బంది అందరూ పాటించి సంతకం పెట్టాలి.

ఆ ఫ్లెక్సీ పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే తాయారు కొంగు సర్దుకుంటూ తల తిప్పుకునేది. దొరబాబు మాత్రం మారిపోయాడు. "నేనే ట్రైనింగిచ్చాను. విజిలేసి మరీ నడిపించాను," అని స్కూల్లో చెప్పుకుంటున్నాడని ఆమెకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

ఫ్లెక్సీ రాకముందే, పథకం మొదలైన రోజునుంచీ తాయారు మాట విని ఆ విధానాన్ని తూచా తప్పకుండా పాటించిన మనిషి ఆఫీసులో ఒక్కతే. కంప్యూటరు ఆపరేటరు ఎస్తేరు రాణి. ముప్ఫై నాలుగేళ్ళు, ఆలమూరునుంచి రోజూ బస్సులో వస్తుంది. బొద్దుగా ఉంటుంది, ఎవరు ఏం చెప్పినా నమ్ముతుంది. నాలుగున్నరకే లేచి నడిచింది. రొట్టెలు రెండు తిని మూడోది ముట్టలేదు. మొదటి నెల రెండువందల గ్రాములు పెరిగింది. రెండో నెల రొట్టె ఒకటే తింది, ఇంకో నాలుగువందలు పెరిగింది. మూడో నెలకి ముఖం ఉబ్బి, కీబోర్డు మీదే కునికిపాట్లు పడసాగింది. దువ్విన ప్రతిసారీ జుట్టు పిడికిళ్ళకొద్దీ ఊడుతోందని చెప్పింది.

నాలుగో తూకం అయిన మర్నాడు ఆమె చేతికి మెమో ఇచ్చారు.

"సదరు ఉద్యోగిని వరుసగా నాలుగు మాసములు భారము పెంచుకొనుటను బట్టి ఆమె యందు తీవ్రమైన సంకల్ప లోపము ఉన్నట్లు స్పష్టమగుచున్నది. సదరు లోపమునకు కారణమును రాతమూలకముగా తెలుపవలెను. అంతవరకు ప్రతిదినము ఉదయము అయిదు నిమిషములు మంగతాయారు విధాన పటము ఎదుట నిలబడి స్ఫూర్తి పొందవలెను."

అలా ఎస్తేరు రాణి రోజూ పొద్దున్న పదింటికి ఫ్లెక్సీ ముందు చేతులు కట్టుకుని నిలబడేది. వచ్చేపోయేవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్ళేవారు. తాయారు తన సీట్లో ఫైలు తెరిచి పెట్టుకుని, అందులో ఒక్క అక్షరమూ చదవలేక, గోడగడియారంలో ఆ అయిదు నిమిషాలూ అయ్యేదాకా చూసేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలప్పుడు ఎస్తేరు ఆమె టేబులు దగ్గరికొచ్చింది. టిఫిను డబ్బా తేలేదు.

"ఇంకా ఏం చెయ్యాలండీ మేడంగారూ? రొట్టె కూడా మానేసేనండి. మజ్జిగ తాగి పడుకుంటన్నాను. మా ఆయనేమో దొంగతనంగా ఏదో తింటన్నానంటన్నాడండి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు నిజంగానే మనసు గట్టిది కాదేమోనండి. మీకున్నది నాకు లేదండి."

ఆమెకున్నది ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నె వెనక ఉంది. తాయారు నోరు తెరిచింది. సెక్షనులో ఇంకో ఇద్దరు వింటున్నారు. "ముందు ఏదైనా తిను ఎస్తేరమ్మా," అని మాత్రం అనగలిగింది.

సాయంత్రం ఇంటికెళ్ళి దొరబాబుతో చెప్పింది. ఆయన విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ విన్నాడు. "సూపరింటెండెంటు ప్రమోషన్ లిస్టులో నీదే మొదటి పేరు. ఇప్పుడు చెబితే అది పోద్ది. నా పరువూ పోద్ది. ఆ అమ్మాయి నాలుగు రోజులు నిలబడుద్ది, తర్వాత వాళ్ళే మర్చిపోతారు."

"ఆ ఫ్లెక్సీలో ఉన్నది నేనండీ. ఆ పిల్ల నా బొమ్మ ముందు నిలబడుతోంది."

ఆ పూట దొరబాబు నాలుగిడ్లీలతోనే లేచాడు.

ఆరునెలలూ నిండాయి. తాయారు డెబ్భై ఎనిమిదికి దిగింది. పధ్నాలుగు కిలోలు! రాష్ట్రంలో ప్రథమ స్థానం. సన్మానం చేయడానికి పై ఆఫీసునుంచి సంకల్ప విభాగం ప్రత్యేకాధికారి సుధీంద్రగారు స్వయంగా వచ్చారు. పలచగా, పొడుగ్గా, మాట్లాడేటప్పుడు కళ్ళు మూసుకునే మనిషి. గోడౌను ఆవరణలో షామియానా వేశారు. అందరికీ స్వీటుబాక్సులు పంచారు.

"భారమనగా ఏమి?" అన్నారు సుధీంద్రగారు కళ్ళు మూసుకుని. "భారమనగా సంకల్పము యొక్క గైర్హాజరు. శ్రీమతి మంగతాయారు తన యందు సంకల్పమును హాజరు పరిచినారు. ఇప్పుడు ఆమె తన సంకల్పమును గూర్చి రెండు మాటలు సెలవిస్తారు."

నూకరాజు శాలువా విప్పి పట్టుకుని వెనక నిలబడ్డాడు. తాయారు మైకు ముందుకొచ్చింది. మూడో వరసలో ఎస్తేరు రాణి కనిపించింది. స్వీటుబాక్సు తెరవకుండా ఒళ్ళో పెట్టుకుని, తాయారు చెప్పేది రాసుకోవడానికి చిన్న నోటుబుక్కు తీసి సిద్ధంగా ఉంది.

"నమస్కారమండి," అంది తాయారు. "నేను వారానికోసారి ఇంజక్షన్ వేసుకుంటున్నానండి. ఆదివారం పొద్దున్న. పొట్టకి. డాక్టరుగారు రాసిచ్చారు. నడకా, రొట్టే అంతకుముందు పదేళ్ళూ ఉన్నాయండి. అప్పుడు తగ్గలేదు. ఎస్తేరమ్మకి ఇచ్చిన మెమో తప్పండి. ఆ నోటుబుక్కు మూసెయ్యి తల్లీ."

శాలువా ఎవరికి కప్పాలో తెలియక నూకరాజు అటూ ఇటూ చూసి, చివరికి తన భుజం మీదే వేసుకున్నాడు.

ఎస్తేరు లేచి, నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడే విచారణ మొదలైంది. తూకం తగ్గింది కాబట్టి అది తరుగు. తరుగు కాబట్టి ఫైలు తరుగు సెక్షనుకి వచ్చింది. తరుగు సెక్షను అంటే తాయారే కాబట్టి 'శ్రీమతి కె. మంగతాయారు: పధ్నాలుగు కిలోల తరుగు' అని పైన రాసిన ఫైలు ఆమె టేబులు మీదికే వచ్చింది. కారణం తేల్చమన్నారు. ఆమె కాసేపు ఆలోచించి, ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ "ఇది ఎలక కాదు" అని రాసి సంతకం పెట్టింది.

విచారణలో సుధీంద్రగారు అడిగారు. "మీరు కాలవగట్టు మీద నడుచుట సత్యమేనా?"

"సత్యమేనండి."

"నడిచినప్పుడు సూది ప్రభావము కూడా మీతో నడిచినదా?"

"అది లోపలే ఉంటుంది కదండీ."

"అనగా రెండు కర్తృత్వములు కలిసినవి. విడదీయవలెను."

విడదీశారు. ఎలా విడదీశారో ఎవరికీ చెప్పలేదు. పధ్నాలుగు కిలోల్లో రెండు కిలోల ఆరువందల గ్రాములు సంకల్పం వల్ల, మిగతా పదకొండు కిలోల నాలుగువందల గ్రాములు ఔషధం వల్ల తగ్గినట్టు తేలింది. మొదటిది అనుమతించిన తరుగు. రెండోది అనధికార తరుగు. అనధికార తరుగును తొంభై రోజుల్లోగా భర్తీ చేయాలి. అంతవరకూ ప్రమోషన్ నిలిపివేయడమైనది.

"అంటే మళ్ళీ లావెక్కమనాండీ?" అని తాయారు అడిగింది.

"మండలి లావు, సన్నము అను పదములను వాడదు," అన్నారు చక్రవర్తిగారు. "యథాపూర్వ స్థితి."

అందుకు ఆఫీసు తరఫునే ఏర్పాటు జరిగింది. రోజూ నాలుగింటికి తాపేశ్వరం మడతకాజాలు పన్నెండు తెప్పించి, తాయారు టేబులు మీద పెట్టి, చక్రవర్తిగారి ఎదుట తినిపించాలి. తాయారు ఒకటి తినేది. రెండోది సగంలో ఆగేది. పొట్టలో ఇంక చోటు లేదని ఒట్టేసి చెప్పేది. మిగిలినవి పారేస్తే మండలి ఆస్తికి నష్టం కాబట్టి నూకరాజు తినేవాడు. నెలరోజుల్లో తాయారు అరకిలో కూడా పెరగలేదు. నూకరాజు నాలుగు కిలోలు పెరిగాడు. జన్మలో మొదటిసారి అతని బుగ్గలు నిండాయి. అతనికి కూడా సంకల్ప లోపం మెమో వచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "దీనికి జవాబు నాలుగు దాటాక రాత్తానండి," అన్నాడు.

కాజాల సంగతి తెలిసి పై ఆఫీసునుంచి సుధీంద్రగారు మళ్ళీ వచ్చారు. చాలా బాధపడ్డారు.

"కాజా అనగా పంచదార. పంచదార అనగా బాహ్య పదార్థము. బాహ్య పదార్థముచే తగ్గిన భారము తగ్గినట్లు కానప్పుడు, బాహ్య పదార్థముచే పెరిగిన భారము పెరిగినట్లు ఎటుల అగును? సదరు పదకొండు కిలోల నాలుగువందల గ్రాములను ఉద్యోగిని కేవలము స్వీయ సంకల్పము చేతనే పెంచవలెను."

"తినకుండానాండీ?"

"అదే కదమ్మా సంకల్పమనగా," అన్నారాయన కళ్ళు మూసుకుని.

ఇందులో కొంత చిక్కు ఉందని చక్రవర్తిగారికే అనిపించింది. స్పష్టత కోరుతూ ఫైలు పైకి పంపారు. పైకి వెళ్ళిన ఫైలు కిందికి రావడానికి మండలిలో తేదీ అంటూ ఉండదు.

ఆ సాయంత్రం ఆయన తాయారుని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. మాట్లాడే భాష మారిపోయింది.

"ఏం లేదండీ తాయారుగారూ, మా బావమరిది ఒకడు పాపం ఒళ్ళుతో బాధపడుతున్నాడు. ఆ డాక్టరమ్మగారు ఆదివారాలు చూస్తారంటారా?"

"చూడరండి. శనివారం దాకానే. మీ బావమరిదిగారు ఎంతుంటారండీ?"

"సుమారు నా అంతే ఉంటాడు."

"ముందు రక్తపరీక్షలు చేయించమంటారండి. అందరికీ ఇవ్వరు. మిమ్మల్ని, అదే... వారిని స్వయంగా చూడాలంటారు."

చక్రవర్తిగారు చిరునామా రాసుకుని, కాగితం నాలుగు మడతలు పెట్టారు. రెండు రోజుల తర్వాత సుధీంద్రగారు అదే చిరునామా కోసం ఫోను చేశారు. ఆయనకెందుకో తాయారు అడగలేదు. ఆయనే చెప్పారు, మేనేజింగ్ డైరెక్టరుగారి కోసమని. కేవలం శాస్త్రీయ ఆసక్తి అట.

ఇవన్నీ జరుగుతున్నా తాయారు మనసులో ఉన్నది ఒక్కటే. సన్మానం రోజునుంచి ఎస్తేరు ఆమెతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. తాయారే ఒకరోజు ఆమె సీటు దగ్గరికెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది.

ఎస్తేరు తెరమీదినుంచి కళ్ళు తిప్పలేదు. "ఆర్నెల్లండి. జొన్నరొట్టె చూత్తే ఏడుపొచ్చేదండి నాకు. ఫ్లెక్సీ ముందు నిలబడి మీ మొఖం చూసి ప్రార్థన చేసేదాన్నండి, నాకూ ఆ మనసియ్యి ప్రభువా అని. అందరికీ చెప్పకపోతే పోయారు. నా చెవిలో చెప్పొచ్చు కదండీ?"

తాయారుకి చెప్పుకోవడానికి ఏ కారణమూ దొరకలేదు. తరుగుకి వెయ్యి కారణాలు రాసిన చెయ్యి ఒళ్ళో ఊరకే ఉండిపోయింది.

"సిగ్గేసింది ఎస్తేరమ్మా. నువ్వు నన్ను నీకంటే మంచిదాన్ననుకుంటుంటే, ఆ అనుకోవడం పోతుందని భయమేసింది. అంతే."

ఎస్తేరు చాలాసేపు టైపు చేసింది. తర్వాత ఆపి, "ఆ సూది నొప్పెడుద్దాండీ?" అంది.

"చీమ కుట్టినట్టుంటుంది. పద, శనివారం వెళ్దాం. నీకు సూదే కావాలో ఇంకేం కావాలో ఆవిడ చెబుతుంది."

శనివారం ఇద్దరూ రాజమండ్రి వెళ్ళారు. వెయిటింగు హాల్లో ఒక మూల పెద్ద మనిషి ఒకాయన దినపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. ఆయన లేచినప్పుడు కుర్చీ కూడా కాస్త దూరం వెంట వచ్చింది. ఇద్దరూ చూడనట్టే ఊరుకున్నారు.

డాక్టర్ నస్రీన్ ఎస్తేరు ముఖం, మెడ, గోళ్ళు చూసింది. జుట్టు సంగతి, నిద్ర సంగతి అడిగింది. రక్తపరీక్ష చేయించింది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. థైరాయిడ్. టి.ఎస్.హెచ్. పద్దెనిమిది పాయింట్ ఆరు. నాలుగు దాటకూడదట.

"సూది తర్వాత ఆలోచిద్దాం," అంది డాక్టరు. "ముందు రోజూ పరగడుపున ఈ మాత్ర. ఇన్నాళ్ళూ పస్తులుండి నడిచావా తల్లీ? ఎవరు చెప్పారు నీకు?"

ఎస్తేరు, తాయారు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎస్తేరే ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

సోమవారం ఆమె తన మెమోకి జవాబు రాసింది. తాయారు చూసి ఒక్క పొల్లు దిద్దింది. "తమరు అడిగిన సంకల్ప లోపమునకు సంబంధించిన కారణము జతపరచిన రక్తపరీక్ష పత్రములో కలదని మనవి."

చక్రవర్తిగారు ఆ పత్రాన్ని రెండు గంటలు పరిశీలించారు. తర్వాత సుధీంద్రగారికి ఫోనులో చదివి వినిపించారు. ఫలితము పద్దెనిమిది పాయింట్ ఆరు. సాధారణ స్థాయి సున్నా పాయింట్ నాలుగు మొదలు నాలుగు వరకు. టి.ఎస్.హెచ్. అంటే ఏమై ఉంటుందని ఇద్దరూ చర్చించారు. మండలిలో 'ఎస్' అనే అక్షరం పథకం మొదలైనప్పటినుంచీ ఒక్క మాటకే వాడుతున్నారు కాబట్టి పెద్దగా సందేహం కలగలేదు. టోటల్ సంకల్ప హెచ్చుదల. మూడోనాటికి ఉత్తర్వు వెలువడింది.

"సదరు ఉద్యోగిని రక్తమును శాస్త్రీయముగా పరీక్షింపగా ఆమె యందు సంకల్పము సాధారణ స్థాయికి నాలుగు రెట్లు మించి ఉన్నట్లు నిర్ధారణ అయినది. కావున లోగడ జారీ చేసిన మెమో ఇందుమూలముగా ఉపసంహరించడమైనది. డివిజను యందలి ఇతర సిబ్బంది ఆమెను ఆదర్శముగా తీసుకొనవలెను."

నూకరాజు పాత ఫ్లెక్సీ పీకేసి చుట్ట చుట్టి మూలన పెట్టాడు. కొత్తదానికి కొలతలు తీసుకోవడానికి ఫ్లెక్సీ కొట్టువాడు వచ్చాడు. ఎస్తేరు ఉత్తర్వు కాగితం పట్టుకుని తాయారు టేబులు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మేడంగారూ, మాత్రేసుకుంటే రెండు నెలల్లో నాలుగు లోపుకి వచ్చేద్దన్నారు కదండీ డాక్టరుగారు. అప్పుడు మళ్ళీ మెమో ఇత్తారేమోనండీ?"

"ఇస్తే ఇవ్వనీ," అంది తాయారు. "ఇవాళ వేసుకున్నావా?"

"ఏసుకున్నానండి. పరగడుపునే."